ఇంజిన్ మార్చాక ఇమ్మొబిలైజర్ మొరాయిస్తే

చెన్నైలోని పాత విడి భాగాల మార్కెట్ పుదుపేటలో కొన్న ఇంజిన్ బండిలోకి దిగింది. గేర్‌బాక్సు కలిసింది, కూలెంట్ పోశారు, తాళం తిప్పారు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. మీటర్ బోర్డులో తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. ఇక్కడ చాలామంది కొత్తగా తెచ్చిన ఇంజిన్‌నే అనుమానిస్తారు. లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి "ఇమ్మొబిలైజర్ కట్ చేసెయ్" అంటారు. రెండూ తొందరపాటే.

ఇమ్మొబిలైజర్ అంటే సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు. అది ఇంజిన్‌లో ఉండదు. బ్లాకుకీ హెడ్డుకీ దానితో ఏ సంబంధమూ లేదు. అది తాళంచెవి, డ్యాష్‌బోర్డు కింది బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఈ ముగ్గురూ చేసుకున్న ఒప్పందం. ఇంజిన్‌తో పాటు ఈసీయూ కూడా మార్చి ఉంటే ఒప్పందంలో ఒకరు కొత్తవారు, మిగిలిన ఇద్దరూ వారిని గుర్తుపట్టరు. ఈసీయూ మీదే అయితే ఆ ఒప్పందం చెక్కు చెదరలేదు, తప్పు ఎక్కువగా ఇంకెక్కడో ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు మీరు ఈ రెండింటిలో ఏ దారిలో ఉన్నారో తేల్చుకోండి.

లోపల జరిగేది

తాళంచెవి తలలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఉంటుంది. కొన్నిట్లో గాజు గొట్టంలా, కొన్నిట్లో నల్లటి బిళ్లలా. ఇగ్నిషన్ స్విచ్ చుట్టూ ఉన్న కాయిల్ 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, ఆ శక్తితోనే చిప్ మేలుకుని జవాబిస్తుంది. బాక్సు ఆ జవాబు సరిచూసుకుని ఈసీయూకి సంకేతం పంపుతుంది. పాత బండ్లలో ఇది కే లైన్ అనే ఒంటి వైరు మీద, కొత్తవాటిలో క్యాన్ అనే జంట వైర్ల మీద వెళ్తుంది. అంతా సరిపోతేనే ఈసీయూ ఇంజెక్టర్లను వదులుతుంది.

బాక్సు అన్ని బండ్లలో ఒకచోట ఉండదు. చాలా ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో మీటర్ బోర్డులోనే కలిసి ఉంటుంది. కొన్ని బండ్లలో బాడీ కంట్రోల్ బాక్సులో ఉంటుంది. హ్యుందాయ్ పాత మోడళ్లలో స్మార్ట్రా అనే చిన్న డబ్బా కేవలం దుబాసీ, తాళంచెవుల వివరాలు ఈసీయూలోనే దాగి ఉంటాయి. మీ బండిలో ఏది ఎక్కడుందో తెలియకుండా సెకండ్ హ్యాండ్ బాక్సు కొంటే డబ్బు దండగ.

ఇంజిన్ దించకముందు చేయాల్సినవి

బండి ఇంకా నడుస్తుండగానే స్కానర్ (బండి కంప్యూటర్లను చదివే పరికరం) పెట్టి అన్ని కంప్యూటర్ బాక్సులూ చదివించండి. ఉన్న లోపాల కోడ్‌లు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో స్కానర్ చూపిస్తే అదీ రాసుకోండి. రెండు తాళంచెవులతోనూ విడివిడిగా స్టార్ట్ చేసి చూడండి. రెండోది ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉండి, దాని చిప్ ఎప్పుడో ఊడిపోయిందన్న సంగతి బయటపడాల్సింది ఇప్పుడే, ఇంజిన్ మారాక కాదు.

ఈసీయూ మీద అతికించిన లేబుల్ ఫొటో తీయండి. పార్ట్ నంబరు, హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు మూడూ స్పష్టంగా కనబడాలి. ప్రతి కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పేముందు ఒక ఫొటో, దానికి మాస్కింగ్ టేపు మీద ఒక గుర్తు. ఎర్త్ వైర్లు ఏ బోల్టు కింద ఉన్నాయో ప్రత్యేకంగా ఫొటో తీయండి. తర్వాత వచ్చే తలనొప్పుల్లో పెద్ద వాటా ఆ బోల్టులదే.

ఇంజిన్ మౌంటు సరిపోక వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ రెండు టెర్మినళ్లూ విప్పి, ఈసీయూ కప్లర్లు కూడా ఊడదీయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటికి జానెడు దూరంలోనే పెట్టించండి. ఆర్క్ కరెంటు ఈసీయూ గుండా దారి వెతుక్కుంటే, ఆ తర్వాత మీరు వెతికేది ఇమ్మొబిలైజర్ లోపం కాదు, కొత్త ఈసీయూ.

మీ ఈసీయూనే ఉంచుకోండి

అదే ఇంజిన్ కోడ్, అదే రకం అయితే ఇంతకు మించిన మార్గం లేదు. పుదుపేట ఇంజిన్‌ను ఉత్త ఇనుప దిమ్మ అనుకోండి. దానితో వచ్చిన వైరింగ్ కిట్, సెన్సర్లు, థ్రాటిల్ బాడీ పక్కన పెట్టి, మీ పాత ఇంజిన్ మీదివి విప్పి దీనికి బిగించండి. మీ కిట్, మీ ఈసీయూ, మీ తాళం. ఇమ్మొబిలైజర్‌కు ఇంజిన్ మారిందన్న సంగతే తెలియదు.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. మొదటిది క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల చక్రం. ఒకే కుటుంబంలోని ఇంజిన్లలో కూడా పళ్ల సంఖ్య, ఖాళీ ఉన్న చోటు వేరు కావచ్చు. రెండు ఫ్లైవీళ్లూ నేల మీద పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి, తేడా ఉంటే మీదే వేయండి. రెండోది డీజిల్ ఇంజెక్టర్లు. కామన్ రైల్ ఇంజెక్టర్ తల మీద చెక్కిన కోడ్ ఈసీయూలో రాసి ఉండాలి. ఇంజెక్టర్లు కొత్త ఇంజిన్‌వే ఉంచితే నాలుగు కోడ్‌లూ సిలిండర్ వరుసలో స్కానర్‌తో ఎక్కించాలి. ఎక్కించకపోతే బండి స్టార్ట్ అవుతుంది కానీ కొట్టుకుంటుంది, పొగ కక్కుతుంది.

1.3 మల్టీజెట్ దగ్గర ఈ గందరగోళం ఎక్కువ. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా అన్నిట్లో ఆ ఫియట్ ఇంజిన్ వంశమే. ఇనుము దాదాపు ఒకటే కావచ్చు, కానీ మారుతి ఈసీయూ మాట్లాడే భాష టాటా బాక్సుకు అర్థం కాదు. విస్టా ఇంజిన్‌తో పాటు దాని ఈసీయూ ఒక్కటే తెచ్చి స్విఫ్ట్‌లో పెడితే అది ఎన్నటికీ స్టార్ట్ కాదు. పైగా 75 హార్స్‌పవర్ రకానికి మామూలు టర్బో, 90 రకానికి వేరియబుల్ టర్బో. అవి కలిస్తే ఇమ్మొబిలైజర్ దాటాక కూడా కథ ముగియదు.

నిజంగా ఇమ్మొబిలైజరేనా?

లక్షణం సరిగ్గా చూస్తే సగం పని అయినట్టే. ఇగ్నిషన్ ఆన్ చేయగానే తాళం బొమ్మ రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతే చాలా బండ్లలో ఒప్పందం కుదిరినట్టే. ఆగకుండా మిణుకుమంటే తాళంచెవినో ఈసీయూనో గుర్తుపట్టలేదు. అసలు వెలగకపోతే బాక్సుకు కరెంటే రావడం లేదేమో, ముందు ఫ్యూజు చూడండి. ఇంజిన్ స్టార్ట్ అయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోవడం, మళ్లీ తిప్పితే మళ్లీ అదే జరగడం ఫోక్స్‌వ్యాగన్ తరహా ఇమ్మొబిలైజర్‌కు అచ్చమైన గుర్తు. తాళంతో తిప్పే బండిలో సెల్ఫే తిరగకపోతే మాత్రం ముందుగా రిలే, క్లచ్ స్విచ్, గేర్ న్యూట్రల్ స్విచ్, ఎర్త్ చూడాలి. బటన్ స్టార్ట్ బండ్లలో మాత్రం గుర్తుపట్టని తాళం సెల్ఫ్‌నే ఆపేయగలదు. వాటిలో ఫాబ్‌ను (జేబులో ఉంచుకునే రిమోట్ తాళం) స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కి చూడండి, ఫాబ్ బ్యాటరీ అయిపోయినప్పటి దారి అదే.

ఇప్పుడు మీటరు తీయండి. వరుస ముఖ్యం.

1. విశ్రాంతిలో బ్యాటరీ 12.4 వోల్టులు లేదా ఎక్కువ ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగితే ఈసీయూ, బాక్సు మధ్యలోనే రీసెట్ అవుతాయి. అది చూడ్డానికి అచ్చం ఇమ్మొబిలైజర్ లోపంలాగే ఉంటుంది.

2. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర వైరు ఇంజిన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ స్ట్రాప్ వేయలేదు, లేదా పెయింట్ మీద బిగించారు. రంగు గీకి, స్టార్ వాషర్ వేసి, మళ్లీ బిగించండి. ఈసీయూకి విడిగా ఎర్త్ ఇచ్చే చిన్న కళ్ల టెర్మినళ్లు చాలా ఇంజిన్లలో హెడ్డుకో మ్యానిఫోల్డ్‌కో బిగిస్తారు. ఇంజిన్ మార్చేవాళ్లు మరిచిపోయేది సరిగ్గా వాటినే.

3. స్కానర్ ఈసీయూతో మాట్లాడుతోందా? మాట్లాడకపోతే అది ఇమ్మొబిలైజర్ కోడ్ సమస్య కాదు. ఈసీయూ కరెంటు, ఎర్త్, మెయిన్ రిలే చూడండి. క్యాన్ ఉన్న బండిలో బ్యాటరీ విప్పి ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే చాలా బండ్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. ఆ చివర చాలాసార్లు ఈసీయూలోనే ఉంటుంది కాబట్టి దాని కప్లర్ పూర్తిగా కూర్చోలేదేమో చూడండి. దాదాపు సున్నా అయితే రెండు వైర్లూ ఎక్కడో నలిగి కలిశాయి. ఇంజిన్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య కిట్ నలగడం కొత్తేం కాదు.

4. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం 150–300 మధ్య కదలాలి. సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ సంగతి చూడండి. పీ0335 కోడ్ ఉండి ఇమ్మొబిలైజర్ మీద పడి కొట్టుకోవడం వృథా.

5. ఇప్పుడు కోడ్‌లు. పీ0513 అంటే తాళంచెవి సరైనది కాదు. పీ0633 అంటే ఈసీయూలో తాళం నమోదు కాలేదు. యూ0167 అంటే ఇమ్మొబిలైజర్ బాక్సుతో సంబంధం తెగింది, అంటే వైరు లేదా కరెంటు. ఫోక్స్‌వ్యాగన్‌లో పీ1570 ఈసీయూ తాళం పడిందని చెబుతుంది. టయోటాలో బీ2799 ఇమ్మొబిలైజర్ వ్యవస్థలో లోపం. ఇవేవీ లేకుండా కేవలం "స్టార్ట్ కావడం లేదు" అయితే ఇమ్మొబిలైజర్‌ను వదిలేసి పెట్రోలు, స్పార్కు దారిలో వెతకండి.

మధ్యలో ఒక చిన్న పరీక్ష. తాళంచెవుల గుత్తిలో ఇంకో చిప్ ఉన్న తాళంచెవి ఉంటే తీసేయండి, రెండు చిప్‌లు ఒకేసారి జవాబిస్తే బాక్సు తికమకపడుతుంది. తర్వాత కాయిల్ కప్లర్ విప్పి కొలవండి. ఉత్త కాయిల్ అయితే కొన్ని ఓమ్‌ల నుంచి పదుల ఓమ్‌ల దాకా వస్తుంది, అనంతం చూపిస్తే తెగినట్టే. లోపల సర్క్యూట్ ఉన్న రకం అయితే ఈ కొలత ఏమీ చెప్పదు. ఇంజిన్ దించేటప్పుడు స్టీరింగ్ కింది కవరు విప్పారా? అయితే ముందు ఆ కప్లరే చూడండి.

ఈసీయూ కూడా మార్చక తప్పకపోతే

పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ వేసినా, పెద్ద ఇంజిన్ వేసినా, మీ ఈసీయూ నీళ్లలో మునిగినా ఇది తప్పదు. చెన్నైలో చివరి కారణమే ఎక్కువ. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్లతో నిండిన వీధుల్లో బండి స్టార్ట్ చేసి సిలిండర్లలోకి నీళ్లు పీల్చుకున్నవాళ్లు ఇంజిన్లు మార్చుకోక తప్పలేదు. అవే వరదల బండ్లు విడి భాగాలై మార్కెట్‌లోకి వస్తాయని కూడా గుర్తుంచుకోండి. కొనే ఈసీయూ కప్లర్‌లో పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము, లేబుల్ అంచున మట్టి గీత, మూత సీలు తెరిచిన జాడ, ఇందులో ఒక్కటి కనబడినా వద్దు.

కొనాల్సింది ఒంటి ఈసీయూ కాదు, సెట్. ఒకే బండి నుంచి తీసిన ఈసీయూ, ఇమ్మొబిలైజర్ బాక్సు (ఆ బండిలో మీటర్ బోర్డులో ఉంటే మీటర్ బోర్డు, బాడీ బాక్సులో ఉంటే అది), కాయిల్, చిప్ ఉన్న తాళంచెవి. ప్రతి కప్లర్‌తో పాటు కనీసం జానెడు వైరు కత్తిరించి ఇమ్మనండి. ఇగ్నిషన్ లాక్ అక్కర్లేదు, మీదే ఉంటుంది. తాళంచెవి లేదంటే ఆ సెట్ ధర ఎంత తక్కువ చెప్పినా తీసుకోకండి. తాళంచెవి లేని ఈసీయూ చాలాసార్లు తాళం వేసిన బీరువాలాంటిదే.

బిల్లు మీద ఇంజిన్ నంబరుతో పాటు ఆ భాగాలు వచ్చిన బండి చాసిస్ నంబరు కూడా రాయించుకోండి. ఇది పోలీసుల కోసం మాత్రమే కాదు. హ్యుందాయ్ లాంటి బండ్లలో తాళాలు నమోదు చేయడానికి కొట్టాల్సిన రహస్య అంకెలు (పిన్) చాసిస్ నంబరుతో ముడిపడి ఉంటాయి. ఆ ఈసీయూ నుంచి పాత తాళాలు తుడవాలంటే పాత బండి పిన్ కావాలి, మీది కాదు. ఊహించి కొట్టకండి. వరసగా మూడుసార్లు తప్పు పిన్ కొడితే ఈసీయూ గంటసేపు తలుపు వేసుకుంటుంది.

సెట్ దొరికితే పని సులువే. బాక్సును మీ డ్యాష్‌బోర్డు కింద బిగించి, వైర్లను రంగు చూసి కాకుండా కప్లర్‌లో ఆ వైరు ఉన్న పిన్ను సంఖ్య చూసి కలపండి. ఒకే కంపెనీలో కూడా సంవత్సరం మారితే రంగు మారుతుంది. తెచ్చిన తాళంచెవి తలను నెమ్మదిగా చీల్చి చిప్ బయటికి తీసి, మీ తాళంచెవి తలలోకి మార్చండి. గాజు రకం అయితే పటకారుతో నొక్కకండి, పగిలితే కథ ముగిసినట్టే. రిమోట్ ఉన్న తాళంచెవుల్లో కొన్నిటికి చిప్ బోర్డు మీదే అతికి ఉంటుంది, అప్పుడు బోర్డు మొత్తం మార్చుకోవాలి. మీ మీటర్ బోర్డు పాతదే ఉండి ఇమ్మొబిలైజర్ కూడా అందులోనే ఉన్న బండ్లలో ఈ పద్ధతి కుదరదు, జత కట్టించాలి.

జత కట్టించడమంటే స్కానర్‌తో కొత్త ఈసీయూని మీ బాక్సుకు, మీ తాళంచెవులకు పరిచయం చేయడం. దీనికి ఆ కంపెనీకి తగిన స్కానర్, పిన్, బండికి ఉన్న తాళంచెవులన్నీ కావాలి. కొత్తగా నమోదు చేసినప్పుడు కొన్ని బండ్లలో పాతవి చెరిగిపోతాయి. ఇంట్లో వదిలేసిన రెండోది ఆ రోజు నుంచి ఉత్త తలుపు తాళంచెవే. పని జరుగుతున్నంతసేపు బ్యాటరీకి 13.5 వోల్టుల సప్లై తగిలించి ఏసీ, ఫ్యాన్, లైట్లు ఆపండి. రాసే మధ్యలో వోల్టేజి పడిపోతే ఈసీయూ ఇటుక అవుతుంది. తాళం బాక్సు విడిగా ఉన్న కొన్ని పాత టయోటాల్లో స్కానర్ లేకుండా కూడా ఒక దారి ఉంది. ఓబీడీ సాకెట్‌లో 4, 13 పిన్నులను వైరుతో కలిపి, స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్‌ను 30 నిమిషాలు ఆన్‌లో ఉంచితే బాక్సు, ఈసీయూ ఒకరినొకరు నేర్చుకుంటాయి. పిన్నులు రెండుసార్లు లెక్కపెట్టండి. 13 ఉన్న వరుస చివరనే ఉన్న 16లో బ్యాటరీ కరెంటు నేరుగా ఉంటుంది.

కంపెనీ షోరూముల్లో చాలా వరకు కొత్త ఈసీయూనే కోడింగ్ చేస్తారు, సెకండ్ హ్యాండ్‌ది ముట్టుకోరు. ముందుగా అడిగి వెళ్తే టోయింగ్ ఖర్చు మిగులుతుంది.

మునిగిన ఈసీయూలోని జ్ఞాపకం

నీళ్లలో ఈసీయూ చచ్చినా తాళం వివరాలున్న ఎనిమిది కాళ్ల మెమరీ చిప్ తరచుగా బతికే ఉంటుంది. అదే పార్ట్ నంబరు, అదే హార్డ్‌వేర్ నంబరు ఉన్న ఇంకో ఈసీయూ తెచ్చి ఈ చిప్‌లోని డేటా దానిలోకి మారిస్తే అది మీ ఈసీయూలాగే ప్రవర్తిస్తుంది. పాత బండ్లలో పిన్‌తో పని లేని శుభ్రమైన దారి ఇదే. కొత్తవాటిలో ఆ డేటా ప్రాసెసర్ లోపలే ఉంటుంది, వాటికి ఇది వర్తించదు.

చిప్ మీద 24, 93, 95 తో మొదలయ్యే నంబరు చూడండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ మార్కెట్ రిచీ స్ట్రీట్‌లో సులువుగా దొరికే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్ చదివి రాసే పరికరం) 24 వరుసకు సరిపోతుంది, 95 వరుసకు మీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటేనే. 93 వరుసకు దాన్ని నమ్ముకోకండి, ఆ వరుస చదివే వేరే ప్రోగ్రామర్ కావాలి. 93లో ఇంకో మెలిక ఉంది. 8 బిట్లుగా చదివిన దాన్ని 16 బిట్లుగా రాస్తే బైట్లు తారుమారై ఈసీయూ ఏ తాళాన్నీ ఒప్పుకోదు. చదివిన పద్ధతిలోనే రాయండి.

క్లిప్ పెట్టి బోర్డు మీదే చదివితే కరెంటు మిగతా సర్క్యూట్‌లోకి పారి తప్పు డేటా వస్తుంది. చిప్ ఊడదీసి చదవడం మేలు. మూడుసార్లు చదివి మూడు ఫైళ్లూ పోల్చండి, ఒక్క బైటు తేడా ఉన్నా కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి మళ్లీ చదవండి. తెచ్చిన ఈసీయూలోని అసలు డేటా కూడా రాయకముందే దాచుకోండి. చదివిన ఫైలులో అన్ని బైట్లూ ఎఫ్‌ఎఫ్ అని వచ్చాయంటే చాలావరకు చదవలేదని అర్థం, ఖాళీ అని కాదు.

"ఆఫ్ చేసేద్దాం" అన్నప్పుడు

ఈసీయూలో ఇమ్మొబిలైజర్‌ను శాశ్వతంగా ఆఫ్ చేసేవాళ్లు ఉన్నారు. ట్రాక్ మీద మాత్రమే నడిచే బండికి అదో మార్గమేమో. వీధిలో నిలిపే బండికి మాత్రం మా సలహా వద్దనే. దొంగకు మామూలు నకలు తాళంచెవి చాలు. దొంగతనం క్లెయిముకు వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు. తర్వాత ఏ స్కానర్ పెట్టినా దాని వెనక ఎవరు ఏం మార్చారో అంతుబట్టదు.

కాగితాల సంగతి క్లుప్తంగా: 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి కావాలి. అనుమతి లేకుండా మార్చేశారంటే 14 రోజుల్లో తెలియజేయాలి. ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కాలి, ఇన్సూరెన్స్‌లోనూ అంతే. నెల్లూరు, తిరుపతి నుంచి ఇంజిన్ కోసం ఇక్కడికి వచ్చేవాళ్లు బిల్లు జాగ్రత్తగా పట్టుకెళ్లండి. ఆ పని జరగాల్సింది మీరు ఉంటున్న చోటి ఆర్టీవో దగ్గర, చెన్నైలో కాదు.

అంతా కుదిరాక రెండు తాళంచెవులతో చెరి ఐదుసార్లు స్టార్ట్ చేయండి. రాత్రంతా చల్లారాక ఒకసారి, ఎండలో నిలిపి వేడెక్కాక ఒకసారి. ఆఖరి పరీక్ష: చిప్ లేని మామూలు నకలు తాళంచెవి ఒకటి కోయించుకుని దానితో తిప్పండి. స్టార్ట్ కాకూడదు, లేదా రెండు సెకన్లలో ఆగిపోవాలి. హాయిగా నడుస్తూనే ఉందంటే మీకు అమ్మిన ఈసీయూలో ఇమ్మొబిలైజర్‌ను ఎవరో ముందే ఆఫ్ చేశారన్నమాట.